జ్ఞానయ్య డిష్ తిప్పిన పొద్దు

కొత్త టీవీ రిమోట్ మీద నలభై ఆరు బటన్లు ఉన్నాయనీ, వాటిలో తనకు తెలియని బటన్ ఒక్కటీ లేదనీ జ్ఞానయ్య ఆ పొద్దున ఏడున్నరకు చాయ్ తాగుతూ భార్యకు ప్రకటించాడు. ఏడూ ముప్పై రెండుకి టీవీ ఆగిపోయింది.

ఈ రెండు నిమిషాల మధ్యలో జరిగింది పెద్దగా ఏమీ లేదు. "ఇంకింత క్లియర్ చేస్త చూడు" అని అతను వరసగా ఏడు బటన్లు నొక్కాడు. అంతదాకా పచ్చగా మెరుస్తున్న వరిపొలం మాయమైంది. తెరంతా నీలం రంగు పరుచుకుంది. సిగ్నల్ లేదని చెప్పే రెండు ఇంగ్లీషు ముక్కలు ఆ నీలంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు తీరిగ్గా షికారు చేయసాగాయి.

"ఏమైందయ్యా?" అని అడిగింది సుగుణమణి.

జ్ఞానయ్య రిమోట్‌ను మెల్లగా దిండు కిందికి తోశాడు. "నిన్న ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ గట్టిగైంది గద. డిష్ కదిలినట్టుంది."

గోదావరిఖని బొగ్గుగని కాలనీల్లో ఏది చెడిపోయినా నేరం బ్లాస్టింగ్ మీద వేయడం ఆచారం. రోజూ మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, భూమి ఒకసారి ఒళ్లు విరుచుకుంటుంది, అలమరలో గిన్నెలు గలగలమంటాయి. గోడల బీటలకు, పగిలిన గాజు గ్లాసులకు, ఒకరిద్దరు పిల్లల టెన్త్ మార్కులకు కూడా అదే కారణం. కాబట్టి మామూలు రోజైతే ఆ జవాబు చెల్లిపోయేది.

"బ్లాస్టింగ్ మూడింటికైంది. టీవీ రాత్రి తొమ్మిదింటి దాక మంచిగనే వచ్చె గద" అంది సుగుణమణి.

"డిష్ ఒక్కపారే కదుల్తదా ఏంది. మెల్లగ కదుల్తది."

సుగుణమణి మొగుడి మొఖం చూసింది, గోడ గడియారం చూసింది. "పదకొండింటికి బిడ్డ వస్తది" అని మాత్రం అంది.

ఆ మాట బరువు ఎంతో జ్ఞానయ్యకు తెలుసు. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ గ్లోరియా హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో నర్సు. క్రిస్మస్‌కు వచ్చిపోయిన తర్వాత ఆమెకు సెలవు దొరకలేదు. ఇది మే నెల. అంటే ఐదు నెలలుగా సుగుణమణికి ఫోన్‌లో బిడ్డ గొంతే తప్ప మొఖం లేదు. ఈ రోజు పదకొండు గంటలకు ఒక న్యూస్ చానెల్ వాళ్లు వడదెబ్బ మీద మాట్లాడమని గ్లోరియాను స్టూడియోకు పిలిచారు. లైవ్. ఈ సంగతి సుగుణమణి ఆదివారం చర్చిలో సాక్ష్యంగా చెప్పింది, కూరగాయల అంగట్లో చెప్పింది, రాంగ్ నంబర్ ఫోన్ చేసిన మనిషిని ఆపి మరీ చెప్పింది. ఇరవై మంది ఆడవాళ్లు చూడటానికి వస్తున్నారు.

అసలు ఈ టీవీ కొన్నదే అందుకు. "బిడ్డను చూస్తే హెచ్‌డీలనే చూడాలె" అని జ్ఞానయ్య వారం కిందట దుకాణానికి పోయి నలభై ఇంచుల టీవీ తెచ్చాడు. దుకాణం వాడు ఆటో ఎక్కించేటప్పుడు ఒక హితవు కూడా చెప్పాడు. టీవీ ఒక్కటే హెచ్‌డీ అయితే సరిపోదు, దాన్లోకి వచ్చే సిగ్నల్ కూడా హెచ్‌డీ కావాలి, ఆ సిగ్నల్ మోసే వైరు కూడా అదే కులానిది కావాలి. ఎరుపు, తెలుపు, పసుపు తోకలుండే మూడు వైర్లు ప్యాసింజర్ బండి అనుకుంటే, ఈ బల్లపరుపు మూతి వైరు సూపర్‌ఫాస్ట్.

జ్ఞానయ్య ముందు ఉన్న కేబులే తగిలించి చూశాడు. కాలనీ మొత్తానికి కేబుల్ ఇచ్చేది ఆగయ్య. పాత టీవీలో ఆగయ్య కేబుల్‌తో ఒక్కటే చిక్కు ఉండేది. తెర మీద ప్రతి మనిషి పక్కనా లీలగా ఇంకో మనిషి నిలబడేవాడు. కొత్త టీవీలో ఆ ఇద్దరూ అడ్డంగా సాగిపోయారు. వార్తలు చదివే సన్నటి అమ్మాయి బొగ్గు టబ్బు వెడల్పున కనిపించింది. జ్ఞానయ్యకు మండింది. తమ క్వార్టర్ల లైను వాళ్లందరినీ పిలిచి, ఆగయ్యను కూడా పిలిపించి, అతని ఎదుటే కటింగ్ ప్లేయర్‌తో కేబుల్ వైరు కోసేశాడు.

"నీ కేబుల్ల మనుషులు మనుషుల్లెక్క లేరు ఆగయ్యా" అన్నాడు.

ఆగయ్య వైరు కొసను చుట్టుకుంటూ, "కోసిన వైరు అతుకుడు నాకు రెండు నిమిషాల పనన్నా. మీరు అడుగుడే కష్టమైతది" అన్నాడు.

ఆ తర్వాత జ్ఞానయ్య హెచ్‌డీ డిష్ తెప్పించాడు. మెకానిక్ మొన్న వచ్చి డాబా మీద గొట్టం పాతి, డిష్ బిగించి, కింద సెట్‌టాప్ డబ్బాకూ టీవీకీ సూపర్‌ఫాస్ట్ వైరు కలిపి, బొమ్మ వచ్చాక, "సార్, దీన్నిగ గిట్లనే ఉండనియ్యుండ్రి" అని దండం పెట్టి పోయాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే మంచిర్యాలలో ఉన్నాననీ, పొద్దుగూకాక వస్తాననీ అన్నాడు. ఇక మిగిలిన దారి డాబా మెట్లు.

జ్ఞానయ్య ముప్పై ఒక్క ఏళ్లుగా గనిలో హాలేజీ ఆపరేటర్. అంటే లోపలి నుంచి బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగే ఇంజన్ నడుపుతాడు. టబ్బులు ఎక్కడో చీకట్లో ఉంటాయి, అతను ఎక్కడో కూర్చుంటాడు. ఇద్దరికీ మధ్య మాట ఉండదు, గంట ఉంటుంది. ఒక గంట కొడితే ఆపు, రెండు కొడితే లాగు, మూడు కొడితే వదులు. విన్నవాడు విన్నట్టుగా అదే గంట తిరిగి కొట్టాలి. అది రూలు. ఈ లోకంలో ఏ పనినైనా ఈ మూడు సిగ్నళ్లతో నడపవచ్చునని జ్ఞానయ్య నమ్మకం. గ్లోరియా చిన్నప్పుడు అన్నానికి పిలవాలంటే తలుపు మీద రెండు కొట్టేవాడు. ఆటకు వదలాలంటే మూడు. ఏడుపు ఆపాలంటే ఒకటి. ఆ ఒకటి మాత్రం ఎప్పుడూ పనిచేయలేదు.

డ్యూటీకి లీవు పెట్టిన జ్ఞానయ్య తొమ్మిది గంటలకు లుంగీ మడిచి, ఎండకు డ్యూటీ హెల్మెట్ పెట్టుకుని, ఒక స్టీలు పళ్లెం, గరిటె తీసుకున్నాడు. ఇంకో జత సుగుణమణి చేతిలో పెట్టాడు.

"రెండు కొడితే డిష్ ఎడమకు లాగుత. మూడు కొడితే కుడికి వదుల్త. బొమ్మ వచ్చిందంటే ఒక్కటి కొట్టు, ఆపుత. నువ్వు కొట్టిందే నేను తిరిగి కొడ్త, అప్పుడు నాకు వినవడ్డట్టు."

"నోటితోని చెప్తే అయిపోదా?"

"ఈ కూలర్ మోతల నీ నోరు నాకు వినవడ్తదా?"

"ముప్పై ఏండ్ల సంది వినవడ్తలేదు. ఇయ్యాల్ల కూలర్ మీద వెయ్యకు" అంది సుగుణమణి. కూలర్ ఆపే ప్రసక్తే లేదు. రామగుండం ఎండలో కూలర్ ఆపిన గది ఇటుకల బట్టీతో సమానం. ఫోన్ చేసుకోవడానికి ఇంట్లో ఉన్నది ఒకటే సెల్లు. స్టూడియోలోకి పోయే ముందు గ్లోరియా చేస్తానంది కనుక దాన్ని ఎవరూ ముట్టుకోకుండా ఫ్రిజ్ మీద పెట్టారు.

సుగుణమణి గుమ్మంలో నిలబడి టీవీ చూసి రెండు కొట్టింది. డాబా మీద జ్ఞానయ్య రెండు తిరిగి కొట్టి, నట్టు వదులు చేసి, డిష్‌ను జానెడు ఎడమకు తిప్పాడు. నీలం రంగు మారలేదు. మళ్లీ రెండు. మళ్లీ రెండు. అంతవరకు పని పద్ధతిగానే నడిచింది.

పక్క క్వార్టర్‌లో పోశవ్వ కొడుకు కొమురెల్లి నైట్ షిఫ్ట్ చేసి వచ్చి నిద్రపోతున్నాడు. గనిలో అతని పని టబ్బుల దగ్గర గంట కొట్టడం, గంట వింటే తిరిగి కొట్టడం. నిద్రలో అతని చెవిన రెండు గంటలు పడ్డాయి. కళ్లు తెరవకుండానే చెయ్యి మంచం కింద వెతికి టిఫిన్ డబ్బా మూత దొరకబుచ్చుకుని రెండు కొట్టింది. పైన జ్ఞానయ్య అది సుగుణమణి కొట్టిందే అనుకుని తాను కూడా రెండు కొట్టాడు. అది విని కొమురెల్లి మళ్లీ రెండు కొట్టాడు. ఇట్లా వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా డిష్‌ను పావు వంతు తిప్పేశారు.

అయిదో సారికి కొమురెల్లి లేచి కూర్చున్నాడు. ఒకటి ముందు నుంచి, ఒకటి పై నుంచి పళ్లేల మోత. అతనికి అర్థమైంది. కనీసం అర్థమైందని అనుకున్నాడు.

ఆ రోజులు అట్లాంటివి. తెలంగాణ కోసం ప్రతి పొద్దూ ఒక కొత్త కార్యక్రమం. ఒకనాడు రోడ్డు మీద వంట, ఒకనాడు రోడ్డు మీద బతుకమ్మ, ఒకనాడు రోడ్డు మీద కబడ్డీ. ఇంట్లో చేసే పని ఏదైనా బయట చేస్తే అది ఉద్యమమే. ఎందుకు అని ఎవరూ అడగరు, ఎన్నింటికి అని మాత్రమే అడుగుతారు.

"నాకు చెప్పకుంట ప్రోగ్రాం ఎట్ల పెడ్తరే?" అని కొమురెల్లి తల్లి మీద లేచాడు. "యూనియన్ల నేను లేనా?"

"నాకేం తెలుసు కొడుకా. జ్ఞానయ్య తమ్మి తొమ్మిదింటి సంది కొడ్తుండు. మన ఇల్లే ఎన్కవడ్డది" అంది పోశవ్వ.

వెనకబడటం కొమురెల్లికి నచ్చని పని. అన్నం పళ్లెం, అట్లకాడ తీసుకుని తమ డాబా ఎక్కాడు.

"కాకా, ఎన్నింటి దాక?" అని అరిచాడు.

"పదకొండు లోపల అయిపోవాలె" అన్నాడు జ్ఞానయ్య డిష్ మీది నుంచి కళ్లు తీయకుండా.

కొమురెల్లి ఆ సమయాన్ని పక్క డాబాకు చేరవేశాడు. పక్క డాబా దాని పక్క డాబాకు చేరవేసింది. తొమ్మిదిన్నరకు లైను ఎక్కింది, పావు తక్కువ పదికి వీధి ఎక్కింది, పదింపావుకు కాలనీలో కింద మిగిలింది కోళ్లు మాత్రమే. పళ్లేలు లేనివాళ్లు ప్రెషర్ కుక్కర్ మూతలు తెచ్చారు. పక్క కాలనీ వాళ్లు, తమకు ఆలస్యంగా చెప్పారని నిష్ఠూరపడి, ఇత్తడి బిందెలు తెచ్చారు.

జ్ఞానయ్య కష్టం అప్పుడు మొదలైంది. ఈ తూర్పు నుంచి రెండు వినపడతాయి, ఆ పడమర నుంచి మూడు. వీటిలో సుగుణమణిది ఏదో తెలియదు. తెలియని గంటను వదిలేద్దామంటే ముప్పై ఒక్క ఏళ్ల రూలు ఒప్పుకోదు. విన్న సిగ్నల్‌ను తిరిగి కొట్టాలి, దాని ప్రకారం నడవాలి. రెండు వింటే ఎడమకు, మూడు వింటే కుడికి, మళ్లీ రెండు, మళ్లీ మూడు. డిష్ ఇసుర్రాయి తిరిగినట్టు తిరిగింది. అతను ఏది కొడితే కాలనీ అదే కొట్టింది. కాలనీ ఏది కొడితే అతను అదే కొట్టాడు. ఒకే హాలేజీకి పన్నెండు వందల మంది ఒకేసారి సిగ్నల్ ఇవ్వడం గని చరిత్రలో అదే మొదలు. మధ్యలో ఎవరో అలిసిపోయి ఒక్కటే కొట్టి ఊరుకున్నారు. బొమ్మ వచ్చిందని జ్ఞానయ్య పరుగున దిగి చూశాడు. నీలం తెర మీద ఆ రెండు ముక్కలు ఇంకా షికారులోనే ఉన్నాయి. మళ్లీ మెట్లెక్కాడు.

పదిన్నరకు యూనియన్ నాయకుడు సదయ్య మైకు పెట్టిన ఆటోలో వచ్చాడు. ఇంత పెద్ద కార్యక్రమం తనకు తెలియకుండా జరుగుతున్నదని ఒప్పుకోవడం నాయకుడి లక్షణం కాదు. అతను ఆటో దిగుతూనే మైకులో, "నిన్నటి మీటింగ్‌ల మనమందరం అనుకున్నట్టే" అని మొదలుపెట్టాడు. నిన్న మీటింగ్ జరగలేదు. అయినా నలుగురు తల ఊపారు.

సదయ్య బంతిపూల దండతో, చేతి మైకుతో జ్ఞానయ్య డాబా ఎక్కాడు.

"సదయ్యా, ఒక్క మాట. నేను ఎక్కింది గీ ఉద్యమానికి కాదు" అని జ్ఞానయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఎరుకే అన్నా. పేరు కోసం ఎక్కలే నువ్వు" అని సదయ్య దండ అతని మెడలో వేశాడు. పన్నెండు వందల పళ్లేలు ఒక్కసారి మోగాయి.

జ్ఞానయ్య ముప్పై ఒక్క ఏళ్లు చీకట్లో తాడు లాగాడు. ఎవరూ ఒక్క పువ్వు ఇవ్వలేదు. పెళ్లిలో వేసిన దండ కూడా ఫోటో తీయగానే తీసేశారు. నిజం నాలుక చివరి దాకా వచ్చి, బంతిపూల వాసన పీల్చి, వెనక్కి పోయి కూర్చుంది.

"నీ ఇష్టం" అన్నాడు జ్ఞానయ్య.

"జెర నన్ను గూడ ముందట నిలవడనియ్యి" అని సదయ్య అతని ముందుకు వచ్చి నిలబడ్డాడు.

కింద పరిస్థితి వేరుగా ఉంది. ఇరవై మంది ఆడవాళ్లు నీలం తెర ముందు కూర్చుని చెమట తుడుచుకుంటున్నారు. గరిటె పట్టిన సుగుణమణి చేతికి బొబ్బ వచ్చింది. గ్లోరియా ఫోన్ చేసి, "అమ్మా, లోపలికి పోతున్న. చూడు" అని పెట్టేసింది. గడియారం పది నలభై అయిదు.

పోశవ్వ లేచి నిలబడింది. "సుగుణా, నడువు మా ఇంటికి. మా టీవీల ఒక్కో మనిషి పొంటి ఇంకో మనిషి వస్తడు. గాని వస్తడు."

సుగుణమణి మెట్ల దగ్గరికి పోయి, "నేను పోశక్క ఇంటికి పోతున్న, నువ్వు దిగయ్యా" అని మూడు సార్లు అరిచింది. పన్నెండు వందల పళ్లేల మధ్య ఆ అరుపు ఏమైందో తెలియదు. ఆమె తన పళ్లెం గుమ్మంలో బోర్లించి, అందరి వెనకా పక్కింట్లోకి పోయింది. ఆ క్షణం నుంచి జ్ఞానయ్య ఎవరూ చూడని టీవీ కోసం డిష్ తిప్పుతున్నాడు.

పదకొండుకు అయిదు నిమిషాలుండగా ఆగయ్య వచ్చాడు. ఆగయ్య కేబులే కాదు, ఒక న్యూస్ చానెల్‌కు ఇక్కడి విలేకరి కూడా. డాబా ఎక్కి, తాను చుట్టిపెట్టి పోయిన కేబుల్ కొసను ఒకసారి, తిరుగుతున్న డిష్‌ను ఒకసారి చూశాడు.

"అన్నా, డిష్ ఎందుకు తిప్పుతున్నవ్?"

జ్ఞానయ్య నోరు తెరిచేలోపల సదయ్య అందుకున్నాడు. "ఢిల్లీ దిక్కు తిప్పుతున్నడు. గీ సప్పుడు ఢిల్లీకి వినవడాలె. రాస్కో."

ఆగయ్య సెల్లుతో ఫోటో తీసి చానెల్‌కు పంపి, వెంటనే ఫోన్ కలిపాడు. అది ఏ చానెల్ అని జ్ఞానయ్య అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే డాబా దూకేవాడు.

పక్కింట్లో పోశవ్వ టీవీలో పదకొండు గంటలకు గ్లోరియా కనిపించింది. తెల్ల చీర, నుదుటి మీదికి జారిన ఒక వెంట్రుక. ఆమె పక్కన లీలగా ఇంకో గ్లోరియా. సుగుణమణి కొంగు నోట్లో కుక్కుకుంది. "నమస్కారం. ఎండకాలంల పదకొండు దాటినంక ఎవ్వరు గూడ బయట..." అని గ్లోరియా మొదలుపెట్టగానే యాంకర్ చెయ్యి ఎత్తాడు.

"క్షమించాలి సిస్టర్. ఇప్పుడే అందిన వార్త. గోదావరిఖనిలో వేలాది మంది డాబాలెక్కి వినూత్న నిరసన. మా ప్రతినిధి ఆగయ్య ఫోన్‌లో ఉన్నారు."

తెర రెండుగా చీలింది. ఒక సగంలో గ్లోరియా. రెండో సగంలో హెల్మెట్, బంతిపూల దండ, లుంగీ, గరిటె, డిష్. దాని ముందు సగం సదయ్య.

డాబా మీద ఆగయ్య ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. చానెల్‌లో తన పేరు వినపడుతుందన్న ఆశతో సదయ్య చేతి మైకును ఫోన్ దగ్గర పెట్టాడు. దాంతో స్టూడియో మాటలన్నీ ఆటో మీది మైకు గొట్టంలోంచి కాలనీ అంతటికీ వినపడసాగాయి. అందరూ పళ్లేలు ఆపి చెవులు రిక్కించారు.

"సిస్టర్ గ్లోరియా, ఇంత ఎండలో ఇంతమంది. వీరికి మీ సలహా ఏమిటి?" అన్నాడు యాంకర్.

మైకు గొట్టంలోంచి గ్లోరియా గొంతు వచ్చింది. "సార్, ఆ సప్పుడు ఇంకొకపారి వినిపియ్యమనుండ్రి."

బిడ్డ గొంతు వినగానే జ్ఞానయ్య కొయ్యబారిపోయాడు. కానీ పక్క డాబా మీద కొమురెల్లి ఉత్సాహంగా రెండు కొట్టాడు. విన్న సిగ్నల్ విన్నట్టు తిరిగి కొట్టాలి. జ్ఞానయ్య చెయ్యి, అతన్ని అడగకుండానే, రెండు కొట్టింది.

"రెండంటే లాగు" అంది గ్లోరియా. "సార్, ఆ హెల్మెట్ పెట్టుకున్నాయన మా డాడీ. అది నిరసన కాదనుకుంట. మా ఇంట్ల కొత్త టీవీ కొన్నరు. నేను చిన్నప్పటి సంది అన్నానికి గూడ గిట్లనే కొట్టి పిలిచేటోడు. డాడీ, వినవడ్తుందా? డిష్ తిప్పుతున్నవా?"

ఆగయ్య ఫోన్‌ను జ్ఞానయ్య మూతి దగ్గరికి తెచ్చాడు. సదయ్య మైకు తీయడం మరిచిపోయాడు. పన్నెండు వందల మంది చూస్తున్నారు. ఒక ముసలామె కుక్కర్ మూతను నెత్తి మీద గొడుగులా పెట్టుకుంది.

"అవ్ బిడ్డా" అన్నాడు జ్ఞానయ్య. ఆ మాట రాష్ట్రమంతటా వినపడింది. "నీ మొఖం హెచ్‌డీల చూద్దామని ఎక్కిన. వీళ్లు ఎందుకెక్కిన్రో నాకు ఎరుక లేదు. చెప్దామనుకునేలోపల దండేసిన్రు. నా మనసుల తెలంగాణ ఉన్నది గాని, చేతిలున్నది మాత్రం డిష్షే."

"మంచిగుంది. ముందుగాల్ల నీడకు పో. ఉప్పేసిన మజ్జిగ తాగు. మీరందరు గూడ దిగుండ్రి. పెద్దోళ్లను పట్టుకొని దింపుండ్రి" అంది గ్లోరియా. రెండు నిమిషాల్లో డాబాలన్నీ ఖాళీ అయ్యాయి. వైద్య సలహాను ఒక ఊరు అంత తొందరగా పాటించడం అదివరకు ఎవరూ చూడలేదు. యాంకర్ చిన్న విరామం ప్రకటించాడు.

సదయ్య మాత్రం కాసేపు నిలబడి ఆలోచించాడు. తర్వాత జ్ఞానయ్య మెడలోంచి దండ తీసి తన మెడలో వేసుకున్నాడు. "పూలు వాడిపోతయన్నా" అని, మైకులో కార్యక్రమం దిగ్విజయమైందని చెప్పి, ఆటో ఎక్కాడు.

జ్ఞానయ్య కిందికి దిగేసరికి సుగుణమణి, పోశవ్వ, ఇరవై మందీ ఇంట్లోకి వస్తున్నారు. అతను తల ఎత్తలేదు.

"చూసినవా?" అని మెల్లగా అడిగాడు.

"చూసిన" అంది సుగుణమణి కళ్లు తుడుచుకుంటూ. "ఒక్కతి కాదు, ఇద్దరు గ్లోరియాలు కనవడ్డరు. ఐదు నెలల కరువు తీరింది."

"నన్ను?"

"నిన్ను గూడ ఇద్దరిని చూసిన. ఒక్కడు చాలు."

జ్ఞానయ్యకు కొంచెం ప్రాణం లేచివచ్చింది. ఊరి ముందు పరువు పోతే పోయింది, అసలు సంగతి ఒకటి ఇంకా దిండు కింద క్షేమంగానే ఉంది. బ్లాస్టింగ్ వల్ల డిష్ కదిలింది, అతను దాన్ని సరిచేయబోయాడు. దీన్లో తప్పు పట్టడానికి ఏముంది? మజ్జిగ గ్లాసు అందుకుని కూర్చున్నాడు. అప్పుడే ఫ్రిజ్ మీది ఫోన్ మోగింది. అందరూ వినాలని సుగుణమణి స్పీకర్ పెట్టింది.

"అమ్మా, టీవీ మీద ఇప్పుడేం కనవడ్తుంది?" అంది గ్లోరియా.

"నీలం రంగు బిడ్డా. సిగ్నల్ లేదని తిరుగుతుంది."

"తిరుగుతుందా? డిష్ కదిలితే ఆ మాట డబ్బా చెప్తదమ్మా. అది తిరగది, ఒక్క కాడ నిలవడ్తది. తిరుగుతుందంటే టీవీ డబ్బానే చూస్తలేదన్నట్టు. రిమోట్ మీద సోర్స్ అని, టీవీ ఏ వైరును చూడాల్నో మార్చే బటన్ ఒకటి ఉంటది, ఒత్తు."

రిమోట్ కోసం అందరూ వెతికారు. జ్ఞానయ్య మజ్జిగను చాలా శ్రద్ధగా తాగుతున్నాడు. పోశవ్వ దిండు ఎత్తింది. సుగుణమణి సోర్స్ నొక్కింది, ఇంకోసారి నొక్కింది. నీలం పోయింది. డిష్ కంపెనీ బొమ్మ వచ్చి, దాని కింద, డాబా మీది డిష్ నుంచి ఏమీ అందడం లేదన్న మాట కదలకుండా నిలబడింది.

"ఇప్పుడు సోర్స్ మంచిగైంది, డిష్ పోయింది" అంది గ్లోరియా. "అంటే పొద్దుగాల డిష్ మంచిగనే ఉండెనమ్మా. ఎవ్వరో సోర్స్ మార్చిన్రు. రిమోట్ ఎవరు పట్టుకున్నరు?"

ఇరవై రెండు జతల కళ్లు మజ్జిగ గ్లాసు మీద వాలాయి. గ్లాసులో మజ్జిగ ఎప్పుడో అయిపోయింది.

జ్ఞానయ్య హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేనే ఒత్తిన. నలభై ఆరిట్ల నాకు ఎరుకున్నయి మూడే. సప్పుడు పెంచేది, తగ్గించేది, ఆపేది."

"మరి బ్లాస్టింగ్ అంటివి?" అంది సుగుణమణి.

"బ్లాస్టింగ్ గూడ నేనే అనుకో."

డిష్ ఆ పూట ఆగిన చోటే ఆగి, సూటిగా పవర్‌హౌస్ చిమ్నీ వైపు చూస్తూ ఉండిపోయింది. అక్కడి నుంచి ఇంతవరకు ఒక్క చానెలూ రాలేదు.